ఇంటి హిసాబ్ ఒక్కరి తలకాయలనే ఉంటే ఎట్లా? బయాజ్ నుంచి ఫోన్ దాకా

చేబదులు ఎవరికి ఎంత ఇచ్చినం? ఇన్సూరెన్స్ కాగితం ఏడ పెట్టినం? డాక్టర్ సాబ్ పోయినసారి అమ్మీకి ఏ గోలీ బంద్ చేయమన్నడు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చాలా ఇండ్లలో ఈ ప్రశ్నలకు జవాబు ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరు దమ్మామ్‌లో డ్యూటీ మీద ఉండొచ్చు. ఆస్పత్రి మంచం మీద ఉండొచ్చు. అల్లాహ్ పిలుపు వస్తే ఇక అడిగే వీలే ఉండదు. అప్పుడు ఇల్లంతా బీరువాలు, సంచులు, పరుపుల కింద వెతుకుతుంది. తెలిసిన విషయాన్ని తెలిసినప్పుడే రాసి పెట్టుకోవడం చిన్న పనే. కానీ దానిమీద ఒక కుటుంబం హక్కు, ఆరోగ్యం, ఇజ్జత్ ఆధారపడి ఉంటాయి.

గుర్తుంటదిలే అనుకుంటే?

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మనీ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాలను కంఠస్థం చేసి, ఎంతసేపట్లో ఎంత మరిచిపోతున్నాడో తన మీదనే పరీక్షించుకున్నాడు. 1885లో ఆ ఫలితాలను అచ్చువేశాడు. మరుపు మెల్లమెల్లగా రాదని, మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ భాగం పోతుందని తేలింది. కాబట్టి "రాత్రి తీరిగ్గా రాస్కుంట" అంటే సగం అప్పటికే పోయినట్టు. విన్న వెంటనే రెండు ముక్కలైనా రాయాలి.

ఇది మనకు కొత్త కాదు

మన పెద్దల దగ్గర బయాజ్ ఉండేది. అరబీలో బయాజ్ అంటే తెల్లదనం. అంటే ఖాళీ కాగితాల పుస్తకం. నచ్చిన షేర్లు, దువాలు, పిల్లలు పుట్టిన తేదీలు, దగ్గుకు కషాయం ఎట్లా కాచాలో అన్నీ అందులోనే రాసుకునేవారు. యునానీ హకీంలు ఏ రోగికి ఏ నుస్ఖా పనిచేసిందో తమ బయాజ్‌లో ఎక్కించేవారు.

అప్పుల సంగతి ఇంకా గట్టిది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలోని 282వది. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఉంది. ఆస్తి పంచుకునే ముందు చనిపోయినవారి అప్పు తీర్చాలన్నది కూడా మనకు తెలిసిన నియమమే. మరి అప్పు ఎంతో, ఎవరికో రాసి లేకపోతే వారసులు దేన్ని తీరుస్తారు?

దాదా రాసింది మనవడికి రాదు

మన ఇండ్లలో ఇంకో చిక్కు ఉంది. దాదా ఉర్దూలో రాశాడు, కొడుకు తెలుగులో చదివాడు, మనవరాలు ఇంగ్లీష్ మీడియం. ఒకే ఇంట్లో మూడు లిపులు. నిజాం పాలనలో ఇక్కడి బడుల్లో ఉర్దూనే చదువు. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన డాక్టర్ సి. నారాయణరెడ్డి కూడా ఉర్దూ మీడియంలోనే చదువుకున్నారు. తర్వాత తెలుగు కవిగా 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు. ఆ తరంలో ఏ మతం వారింట్లోనైనా ఉర్దూ కాగితాలు ఉండటం మామూలే. ఇప్పుడు వాటిని చదివేవాళ్లు తగ్గిపోతున్నారు.

పాత కాగితాల మీద ఫస్లీ సంవత్సరం కనబడితే కంగారు పడొద్దు. దానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీష్ సంవత్సరం వస్తుంది. ఫస్లీ 1356 అంటే 1946-47 అన్నమాట.

మీ ఇంట్లో బయాజ్ గానీ పాత లెక్కల పుస్తకం గానీ ఉంటే ప్రతి పేజీని వెలుతురులో ఫోటో తీయండి. చదవగలిగిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే గట్టిగా చదవమని, ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత పిల్లలతో తెలుగులో రాయించండి. ఆ పెద్దవాళ్లు ఎప్పుడూ ఉండరు కదా.

ఏమేం రాయాలి?

గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు: పాస్‌పోర్టు నంబరు, వీసా గడువు, కంపెనీ పేరు, కఫీల్ ఫోన్, క్యాంపు అడ్రస్, పక్క గదిలో ఉండే మన ఊరి మనిషి నంబరు. సౌదీ అయితే 10 అంకెల ఇఖామా నంబరు, యూఏఈ అయితే 15 అంకెల ఎమిరేట్స్ ఐడీ. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద క్లియరెన్స్ తీసుకొని పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోతే 10 లక్షల బీమా ఉంటుంది. కానీ పాలసీ ఉన్నట్టే ఇంట్లో తెలియకపోతే అడిగేది ఎవరు? పాలసీ నంబరు, ముగిసే తేదీ ఇంటి పుస్తకంలో ఉండాలి.

బీడీలు చేసే అమ్మలు: కార్ఖానాలో ఎంత ఆకు, తంబాకు ఇచ్చారు, ఎన్ని బీడీలు అప్పజెప్పినం, ఎన్ని తీసేశారు అన్నది రోజూ మీ సొంత పుస్తకంలో కూడా ఎక్కించండి. పీఎఫ్‌కు సంబంధించిన 12 అంకెల యూఏఎన్ నంబరు, ఆధార్‌లో పేరు ఎట్లా ఉందో రాసి పెట్టండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బులు తీసేటప్పుడు తిప్పలే.

సాంచాల మీద పనిచేసేవారు: ఎన్ని మీటర్లు దింపారు, రేటు ఎంత, ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్స్ ఎంత కోత పడింది.

ప్రతి ఇల్లు: రక్తం గ్రూపు, పడని మందులు, రోజూ వేసుకునే గోలీల పేర్లు, షుగర్, బీపీ రీడింగులు తేదీతో సహా. తీసుకున్న, ఇచ్చిన అప్పులు, అమానత్‌గా దాచిపెట్టినవి.

ఎట్లా రాయాలి?

ముందు, దొరికిన దాని మీద వెంటనే పట్టుకోండి. చిట్టీ అయినా పర్లేదు. వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకోవచ్చు. రాయడం రాని దాదీ, నానీ వాయిస్ మెసేజ్ పెడితే చాలు.

తర్వాత, అన్నిటినీ ఒక్కచోటికి చేర్చండి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి పెట్టి, మొదటి పేజీలో ఏ సంగతి ఏ పేజీలో ఉందో రాయండి. ఫోన్ పోతే పుస్తకం ఉంటుంది, పుస్తకం తడిస్తే ఫోటో ఉంటుంది.

ప్రతి రాతకు తేదీ, ఎవరు చెప్పారు, ఎందుకు రాశాం అన్నది ఉండాలి. ఉత్తగా "5,000 - సలీం" అని ఉంటే ఇచ్చినమా, తీసుకున్నమా, ఏ సలీం? ఆర్నెల్లకు రాసినవారికే అర్థం కాదు.

ఒక జాగ్రత్త. ఏటీఎం పిన్, ఓటీపీ, పాస్‌వర్డులు ఈ పుస్తకంలోనూ, వాట్సాప్‌లోనూ రాయొద్దు. పుస్తకం ఎక్కడుందో మాత్రం ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి. అందులో ఒకరు ఆడవాళ్లు ఉండాలి. మగవాళ్లు పరదేశంలో ఉన్నప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లే కదా.

ఆలోచనలకు కూడా ఒక పేజీ

లెక్కలే కాదు, చదువుకునే పిల్లలకు వచ్చే ఆలోచనలూ రాయదగినవే. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ ఒక్కో చీటీ మీద ఒక్కో ఆలోచన రాసి, నంబరు వేసి, దానికి సంబంధం ఉన్న ఇంకో చీటీ నంబరు పక్కన రాసేవాడు. అట్లా దాదాపు 90,000 చీటీలు పోగుచేసి, వాటి ఆధారంగా పదుల పుస్తకాలు రాశాడు. గ్రూప్స్, డీఎస్సీకి తయారయ్యేవాళ్లు, టైలరింగ్, కిరాణా దుకాణం పెట్టాలనుకునేవాళ్లు ఈ పద్ధతి పట్టుకోవచ్చు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించుకోకుండా, అర్థమైంది మన మాటల్లో రాయడం ముఖ్యం.

ఈ జుమా రోజు భోజనాలయ్యాక ఒక పావుగంట ఇంట్లో అందరూ కూర్చోండి. మొదటి పేజీలో అప్పులు, రెండో పేజీలో మందులు, మూడో పేజీలో బయటి దేశంలో ఉన్నవారి వివరాలు. ప్రతి జుమాకు ఒకసారి తిరగేసి, తీరినవి కొట్టేయండి, కొత్తవి చేర్చండి. రేపు మీ పిల్లలు ఆ పుస్తకం తెరిచినప్పుడు ఎవరినీ అడగాల్సిన పని లేకుండా ఉంటే, ఇన్షా అల్లాహ్, మీరు వాళ్లకు పెద్ద ఆస్తే ఇచ్చినట్టు.