రొయ్య తొక్కతో నానో కట్టు: షుగర్ పుండు మానుతుందా?

అన్నవరం కొండ మెట్లు చాలామంది చెప్పుల్లేకుండానే ఎక్కుతారు. ఎండకి రాయి చుర్రుమంటే మనం టక్కున కాలు తీసేస్తాం. కానీ ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. బొబ్బ లేచినా తెలీదు. అది పుండై ముదిరితే కాలు తీసేయాల్సి రావచ్చు.

అసలు ఆ పుండు ఎందుకు మానదు? మామూలుగా గాయమైన చోట శరీరం కొలాజెన్ దారాలతో ఒక పందిరి అల్లుకుంటుంది. బీరతీగ పాకినట్టు కొత్త కణాలు దాన్ని పట్టుకుని పాకుతాయి. షుగర్ పుండులో రక్తప్రసరణ తక్కువ, వాపు తగ్గదు. అందుకే పందిరి నిలవదు.

మరి బయటి నుంచి పందిరి వేస్తే? ఇక్కడే నానో వస్తుంది. తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. కొలాజెన్ దారాలు కొన్ని వందల నానోమీటర్ల లోపే. మామూలు దూది పోగు కణానికి దూలంలా ఉంటుంది, పట్టు దొరకదు. అంత సన్నటి దారం తీయాలంటే సిరంజిలో ద్రావణం నింపి, సూదికి వేల వోల్టుల కరెంట్ ఇస్తారు. పీచుమిఠాయిలా పోగులు సాగి పలచటి పొరగా పడతాయి. దీన్నే ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు.

ఆ ద్రావణంలో వాడే ఒక పదార్థం చిటోసాన్. దాని ముడిసరుకు రొయ్య తొక్క! రొయ్యల సాగులో దేశంలో మన రాష్ట్రమే ఫస్ట్, కాబట్టి తొక్కలకి కొదవలేదు. యాసిడ్‌తో సున్నం, క్షారంతో ప్రొటీన్ తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢమైన క్షారంలో వేడిచేస్తే చిటోసాన్. దీనికి పాజిటివ్ చార్జ్, ఎర్ర రక్తకణాలకి నెగటివ్. అందుకే రక్తం త్వరగా గడ్డకడుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా కూడా పెరగదు.

రక్తం ఆపే చిటోసాన్ కట్లు అమెరికా సైన్యం ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లోనే వాడింది. షుగర్ పుండ్లకి నానోదారాల కట్లు మాత్రం ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉన్నాయి. కాబట్టి "నానో" అని రాసిన ప్రతి క్రీమూ కొనేయకండి. తొక్క పొడి ఇంట్లో నూరి అస్సలు పెట్టకండి. రొయ్యలు పడనివాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఎంత మంచి కట్టయినా షుగర్ అదుపులో లేకపోతే పని చేయదు. ఈ రాత్రే ఫోన్ టార్చ్ వేసి మామ్మగారి అరికాళ్లు, వేళ్ల సందులు ఒకసారి చూడండి. ఎర్రగా ఉన్నా, పగిలినా, నొప్పి లేకపోయినా సరే, రేపే డాక్టర్‌కి చూపించండి. ఉంటాను ఫ్రెండ్స్!