తిన్నదంతా ఒంటికి పట్టదు: సీబీడీ మిఠాయిలు నెత్తురులోకి చేరే దారి

అమెరికాలో పెట్రోలు బంకు పక్కనుండే చిన్న దుకాణం మొదలుకొని ఆరోగ్య ఉత్పత్తుల పెద్ద అంగళ్ళ దాకా ఈనాడు సీబీడీ మిఠాయిలు దొరుకుతున్నాయి. రంగురంగుల గమ్మీలు, చాక్లెట్ బిళ్ళలు, బిస్కట్లు. సీసా మీద ‘ఒక్కొక్క గమ్మీలో 25 మిల్లీగ్రాములు’ అని అచ్చువేసి ఉంటుంది. నిద్ర పట్టనివారు, పని ఒత్తిడితో సతమతమయ్యేవారు తమకోసం కొంటారు. మోకాళ్ళ నొప్పులతో బాధపడుతూ, ఆరునెలలు పిల్లల దగ్గర ఉండి వెళ్దామని వచ్చిన తల్లిదండ్రుల కోసం కూడా కొంటారు. ఆ తల్లిదండ్రులలో చాలామంది అప్పటికే గుండెకో, నెత్తురు గడ్డకట్టకుండా ఉండటానికో మందులు వాడుతుంటారు. అందువల్ల సీసా మీది ఆ అంకెకు అర్థమేమిటన్నది ఊరికే వేసుకునే ప్రశ్న కాదు.

తెలుగులో ‘ఒంటికి పట్టడం’ అనే మాట ఉంది. ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదని పెద్దవాళ్ళు పిల్లల గురించి బెంగపడతారు. తినడం వేరు, తిన్నది ఒంటికి పట్టడం వేరు అన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. ఔషధశాస్త్రం దీనినే జీవలభ్యత అంటుంది: మింగిన మోతాదులో ఎన్నో వంతు చెక్కుచెదరకుండా రక్తప్రవాహంలోకి చేరుతుంది అన్న లెక్క. ఖాళీ కడుపుతో నోటిద్వారా తీసుకున్న సీబీడీకి సాధారణంగా చెప్పే అంకె సుమారు 6 శాతం. అంటే 25 మిల్లీగ్రాముల గమ్మీ నుంచి నెత్తురులోకి చేరేది ఒకటిన్నర మిల్లీగ్రాము. తక్కిన 23న్నర ఎక్కడికి పోయినట్టు?

నూనెకు చుట్టం, నీటికి పరాయి

కన్నబిడయోల్ అన్న పేరుకు పొట్టిరూపం సీబీడీ. గంజాయి మొక్కలో ఉండే వందకుపైగా సజాతీయ పదార్థాలలో ఇదొకటి. 1940లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రోజర్ ఆడమ్స్ బృందం దీనిని వేరుచేసింది. దీని అణునిర్మాణాన్ని 1963లో ఇస్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలమ్, యువాల్ ష్వో నిర్ధారించారు. మత్తు కలిగించే టీహెచ్‌సీ దీనికి సోదర పదార్థం. రెండింటిలోనూ పరమాణువుల లెక్క ఒకటే, అమరిక మాత్రం వేరు. సీబీడీ టీహెచ్‌సీలాగా మత్తెక్కించదు.

శోషణకు సంబంధించినంతవరకు దీని ముఖ్యలక్షణం ఒక్కటే. ఇది నూనెలో సుళువుగా కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. నీరు, నూనెవంటి ద్రావణి రెండూ పక్కపక్కన ఉంటే నీటిలోకన్నా రెండవదానిలో లక్షల రెట్లు ఎక్కువగా చేరుతుంది. జీర్ణాశయంలోను పేగులలోను ఉన్నది నీళ్ళవంటి ద్రవం. పేగుగోడకు చేరాలంటే ఏ పదార్థమైనా మొదట ఆ ద్రవంలో కలవాలి. సీబీడీకి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

నోటి నుంచి చిన్నపేగు దాకా

గమ్మీని నమిలేది కొన్ని క్షణాలే. నాలుక కింద నూనెచుక్క వేసుకొని నిమిషాల తరబడి ఉంచుకుంటే నోటిలోని పలుచని పొర గుండా కొంత శోషణ జరిగే అవకాశముంది. నమిలి మింగేదానిలో ఆ భాగం స్వల్పం. కడుపులో జెలటిన్ ఒంటివేడికి కరిగిపోతుంది. చాక్లెట్‌లోని కోకో వెన్న కూడా అంతే. అప్పుడు సీబీడీ చిన్నచిన్న నూనెబొట్లుగా బయటపడుతుంది. కడుపులో పీల్చుకోవడం దాదాపు ఉండదు. అక్కడినుంచి అది చిన్నపేగులోకి జారవలసిందే.

చిన్నపేగులో కొవ్వు కనబడగానే పిత్తాశయం ముడుచుకొని పిత్తరసాన్ని వదులుతుంది. క్లోమం నుంచి కొవ్వును విడగొట్టే ఎంజైములు వస్తాయి. పిత్తలవణాలకు ఒక పక్క నీటితోను, మరొక పక్క కొవ్వుతోను స్నేహం. జిడ్డుగిన్నెను సబ్బు శుభ్రం చేసే పద్ధతిలోనే అవి నూనెబొట్లను విడగొట్టి, మిసెల్ అనే అతిసూక్ష్మమైన ఉండలుగా చేస్తాయి. ఆ ఉండల కడుపులో దాక్కొని సీబీడీ నీళ్ళను దాటి పేగుగోడ కణాలను చేరుతుంది. కొవ్వు లేకుండా గమ్మీ ఒక్కటే వెళితే పిత్తరసం సరిగా ఊరదు, మిసెల్‌లు ఏర్పడవు. సీబీడీలో పెద్దభాగం గోడను తాకకుండానే మలంలో వెళ్ళిపోతుంది.

కాలేయం వసూలు చేసే సుంకం

పేగుగోడను దాటినంతమాత్రాన ప్రయాణం ముగియదు. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ఒక పెద్ద సిర ద్వారా మొదట కాలేయానికి వెళుతుంది. ఒంటిలోకి వచ్చిన కొత్త పదార్థాలను తనిఖీచేసి మార్చివేయడం కాలేయం పని. పేగుగోడలోను కాలేయంలోను ఉండే సీవైపీ3ఏ4, సీవైపీ2సీ19 అనే ఎంజైములు సీబీడీని ముందు 7-హైడ్రాక్సీ సీబీడీగా, ఆ తరువాత 7-కార్బాక్సీ సీబీడీగా మారుస్తాయి. మొదటిది సీబీడీలాగే పనిచేస్తుంది, రెండవది పనిచేయదు. నోటిద్వారా తీసుకున్నవారి రక్తంలో అన్నిటికంటె ఎక్కువగా కనబడేది ఈ పనిచేయని రూపమే. పొలిమేరలో నిలబడ్డ సుంకరి సరుకులో సింహభాగం పుచ్చుకొని మిగిలింది ఊళ్ళోకి వదిలినట్టుగా ఉంటుంది ఈ వ్యవహారం. ఈ తొలిగడప నష్టం లేనందువల్లనే ఊపిరితిత్తుల ద్వారా పీల్చిన సీబీడీ సుమారు 31 శాతం దాకా రక్తంలో చేరినట్టు 1980లలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. అయితే పొగ పీల్చడంలో ఊపిరితిత్తులకు జరిగే హాని వేరే లెక్క.

నేతితో తింటే

ఈ సుంకాన్ని కొంత తప్పించుకునే దొంగదారి ఒకటి ఉంది. భోజనంలోని పొడవాటి కొవ్వుఆమ్లాలను పేగుకణాలు మళ్ళీ కొవ్వుగా కూర్చి, కైలోమైక్రాన్లు అనే రేణువులుగా మూటకడతాయి. ఈ మూటలు సన్నని రక్తనాళాలలో పట్టవు గనుక శోషరస నాళాలలోకి వెళ్ళి, ఛాతీ గుండా పైకి ప్రయాణించి, ఎడమభుజం దగ్గర నేరుగా రక్తంలో కలుస్తాయి. అంటే కాలేయాన్ని చుట్టివెళతాయి. నూనెప్రియమైన సీబీడీ ఈ మూటలలో ఎక్కి కూర్చుంటుంది. నువ్వులనూనె, నెయ్యి వంటి వాటిలో పొడవాటి కొవ్వుఆమ్లాలు ఎక్కువ. కొబ్బరినూనె నుంచి వేరుచేసే మధ్యశ్రేణి కొవ్వులు మాత్రం చాలావరకు కాలేయం దారినే పోతాయి.

దీని ప్రభావం చిన్నది కాదు. కొవ్వు, కేలరీలు ఎక్కువగా ఉన్న భోజనంతో తీసుకున్నప్పుడు, ఖాళీ కడుపుతో పోలిస్తే, రక్తంలో సీబీడీ గరిష్ఠస్థాయి సుమారు 5 రెట్లు, మొత్తం చేరిన పరిమాణం సుమారు 4 రెట్లు పెరుగుతుంది. ఇవి ఎపిడియోలెక్స్ అనే మందు పరీక్షలలో తేలిన అంకెలు. ఆ మందును అమెరికా ఆహార ఔషధ సంస్థ మొదట రెండు అరుదైన, తీవ్రమైన మూర్ఛవ్యాధులకు వాడేందుకు 2018 జూన్‌లో ఆమోదించింది. స్ట్రాబెర్రీ రుచి కలిపిన ఆ ద్రవానికి ఆధారం నువ్వులనూనె.

ఆయుర్వేదంలో మందును ఏ పదార్థంతో పుచ్చుకోవాలో చెప్పేదాన్ని అనుపానం అంటారు: నెయ్యి, తేనె, పాలు, వేడినీళ్ళు. భంగు చేసేవారు ఆకును పాలలోనో నేతిలోనో మరిగించడం వెనక ఇదే అనుభవం ఉంది. కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు విలియం ఓషానెస్సీ 1839లో గంజాయి మీద రాసిన పత్రంలో మాజూన్ తయారీని వర్ణించాడు: ఆకును నెయ్యి, నీళ్ళతో కలిపి సన్నని సెగమీద కాచి, నీరంతా ఇగిరాక ఆ నేతిని వడగట్టి పంచదారతో మిఠాయి చేస్తారు. మందును నూనెలోకి దింపి, తీపిలో దాచడం అన్న ఆలోచన నేటి గమ్మీ తయారీదారుల సొత్తు కాదు.

పసుపులోని కర్క్యుమిన్‌దీ ఇదే కథ. అదీ నీటిలో కరగదు, కాలేయం దాన్నీ వదలదు. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాలలోని పైపెరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు రక్తంలో చేరిన భాగం 2000 శాతం పెరిగింది. మిరియం కాలేయ ఎంజైములను కాసేపు అడ్డగించడం అందుకొక కారణం. ఈ అడ్డగింతకు రెండోవైపు కూడా ఉంది. అది ముందు వస్తుంది.

గంటలు, రోజులు

నోటిద్వారా తీసుకున్న సీబీడీ రక్తంలో గరిష్ఠస్థాయికి చేరడానికి రెండున్నర నుంచి 5 గంటలు పడుతుంది. గంటసేపు చూసి, ఏమీ కాలేదని రెండోది, మూడోది నోట్లో వేసుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. మొదటిది ఇంకా పేగు దాటకముందే రెండోది దాని వెనక వరుసలో నిలుచుంటుంది. మిఠాయిలో టీహెచ్‌సీ కూడా కలిసి ఉన్నప్పుడు ఈ పొరపాటు ఆసుపత్రి దాకా తీసుకుపోగలదు. ఇక వదిలిపోవడం మరీ నెమ్మది. రోజుకు రెండుసార్లు చొప్పున వారంపాటు తీసుకున్నవారిలో సీబీడీ సగానికి తగ్గడానికి పట్టే కాలం 56 నుంచి 61 గంటలు. అందువల్ల రోజూ తినేవారిలో నిన్నటిది పూర్తిగా పోకముందే నేటిది చేరుతుంది.

మోతాదు గురించి ఒక చిన్న లెక్క. మూర్ఛకు వాడేటప్పుడు సాధారణ మోతాదు కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 700 మిల్లీగ్రాములు, అంటే 28 గమ్మీలు. అంత మోతాదులో జరిగిన పరీక్షల ఫలితాలను రాత్రి తినే ఒక్క గమ్మీకి అంటగట్టడం సబబు కాదు. అలాగని ఒక్క గమ్మీయే కదా అని ధీమాపడటమూ సరికాదు. ఈరోజు టీతో తిన్నదానికి, రేపు పెళ్ళిభోజనం తరువాత తిన్నదానికి ఒంటిలో నాలుగురెట్ల తేడా ఉండవచ్చు.

ఇతర మందులతో తగువు

కొలెస్టరాల్ మందులు కొన్నింటి మీద గ్రేప్‌ఫ్రూట్ తినరాదన్న హెచ్చరిక ఉంటుంది. ఆ పండు పేగుగోడలోని 3ఏ4 ఎంజైమును అడ్డగించి మందు స్థాయిని పెంచుతుంది. సీబీడీ కూడా ఎంజైములను ఇలాగే అడ్డగిస్తుంది, ముఖ్యంగా 2సీ19ను. మూర్ఛకు వాడే క్లోబజామ్ తాలూకు పనిచేసే రూపం సీబీడీ తోడైనప్పుడు మూడురెట్లు పెరుగుతుంది, మగత ముంచుకొస్తుంది. నెత్తురు గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావం పెరిగి, మోతాదు తగ్గించవలసివచ్చిన ఉదంతాలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. మూత్రపిండం మార్పిడి అయినవారు వాడే టాక్రొలిమస్ విషయంలోనూ అంతే. గుండెకు స్టెంటు వేసినవారికి ఇచ్చే క్లోపిడోగ్రెల్ దీనికి తలకిందులు: అది పనిచేసే రూపానికి మారడానికి 2సీ19 కావాలి. ఆ ఎంజైమునే అడ్డగించే పదార్థాన్ని రోజూ తినేటప్పుడు డాక్టరుకు చెప్పక తప్పదు.

కాలేయం మాట కూడా చెప్పుకోవాలి. 2025లో వెలువడిన అమెరికా ఆహార ఔషధ సంస్థ అధ్యయనంలో ఆరోగ్యవంతులకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు సీబీడీ ఇచ్చారు. వారిలో 8 మందికి కాలేయ ఎంజైములు సాధారణ పరిమితికి మూడురెట్లు దాటాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఒక్కరికీ అలా కాలేదు. మోతాదు గమ్మీకంటె పెద్దదే. అయినా బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు సూచించే రోజువారీ హద్దును 2023 అక్టోబరులో 70 మిల్లీగ్రాముల నుంచి 10కి దించింది. ఆ లెక్కన 25 మిల్లీగ్రాముల గమ్మీ ఒక్కటే హద్దు దాటిపోతుంది.

సీసా మీది మాట

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ సీసా మీది అంకె నిజమన్న నమ్మకం మీద నిలిచాయి. 2017లో ఒక వైద్యపత్రిక ప్రచురించిన పరీక్షలో ఇంటర్నెట్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులలో 31 శాతానికే అంకె సరిపోయింది. 43 శాతంలో చెప్పినదానికంటె ఎక్కువ, 26 శాతంలో తక్కువ ఉంది. 18 ఉత్పత్తులలో టీహెచ్‌సీ బయటపడింది. ఉద్యోగులకు చేసే మూత్రపరీక్షలు వెతికేది టీహెచ్‌సీ అవశేషాలనే. సీబీడీ తిన్నానన్న వివరణను పరీక్ష తప్పినందుకు సమాధానంగా అంగీకరించబోమని అమెరికా రవాణాశాఖ 2020లోనే తన పరిధిలోని ఉద్యోగులకు స్పష్టంచేసింది. హైదరాబాదుకు దుబాయి మీదుగా వెళ్ళేవారు గుర్తుంచుకోవలసినది మరొకటి: ఐక్య అరబ్ ఎమిరేట్లలో సీబీడీ ఉత్పత్తులు దగ్గర ఉండటమే నేరం. అమెరికాలో కొన్న రసీదు అక్కడ అక్కరకు రాదు.

గమ్మీ ఆకారం మిఠాయిది, నడత మందుది. మందును అడిగే ప్రశ్నలే దానినీ అడగాలి: ఎంత, దేనితో, ఎప్పుడు, ఇంకే మందుల పక్కన. తల్లిదండ్రుల మందులపెట్టెలో ఆ సీసాను చేర్చేముందు, పెట్టెలోని మిగతా పేర్లన్నీ రాసుకొని డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించడం పదినిమిషాల పని. ఒంటికి పట్టేది ఒకటిన్నర మిల్లీగ్రామే కావచ్చు, ఆరు కావచ్చు. పక్కనున్న మందుతో దానికి పొత్తు కుదరకపోతే ఆ కొంచెమూ లెక్కలోకి వస్తుంది.