డ్రాగన్‌ను కాదు.. అడుగును చూడాలి!
చైనా ఆకుపచ్చ పింగాణీ కూజాల పాతదనం గుర్తించేదిలా..

కరీంనగర్: గడీ పంపకాల్లో వాటాగా వచ్చిన సామాన్లలోనో, అటకమీది సందుగలోనో ఒక ఆకుపచ్చ పింగాణీ కూజా బయటపడుతుంది. దాని మెడ చుట్టూ పాములాంటి ఆకారం చుట్టుకొని ఉంటుంది. ఇంటి పెద్దలు దాన్ని నాగబంధం అంటారు. చదువుకున్నవారు చైనా డ్రాగన్ అని గుర్తిస్తారు. పాత సామాన్లు కొనే వ్యాపారి నాలుగైదు వందలు చేతిలో పెట్టి తీసుకుపోతానంటాడు. మరోచోట అలాంటి కూజానే చూపించి, ఆరు వందల ఏళ్ల నాటిదని నమ్మించి లక్షలు గుంజేవారు ఎదురవుతారు. మొదటి సందర్భంలో అసలైన వస్తువు చేజారవచ్చు. రెండో సందర్భంలో కష్టార్జితం పోతుంది. తెలియనితనమే రెండింటికీ మూలం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గుప్తనిధుల పేరిట, బియ్యాన్ని లాగే పాత్రల పేరిట మోసాలు జరిగిన నేపథ్యంలో ఇలాంటి పాత్రల గురించి తెలుసుకోవడం అవసరం.

ఏమిటీ సెలడాన్?

ఈ ఆకుపచ్చ పింగాణీని ప్రపంచవ్యాప్తంగా సెలడాన్ అంటున్నారు. ఇది ఐరోపావారు పెట్టిన పేరు. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఉన్న లాంగ్‌చువాన్ బట్టీలు దీనికి పేరుగాంచాయి. ఆ ఊరి పేరుకు 'డ్రాగన్ ఊట' అని అర్థం. సోంగ్ (960-1279), యువాన్ (1279-1368), మింగ్ (1368-1644) వంశాల కాలంలో ఇక్కడి పాత్రలు ఓడలపై ఆసియా, ఆఫ్రికా తీరాలకు చేరాయి. 1323లో చైనా నుంచి జపాన్‌కు వెళ్తూ కొరియా సమీపంలో మునిగిన ఓడను 1970వ దశకంలో వెలికితీయగా వేల సంఖ్యలో సెలడాన్ పాత్రలు లభించాయి. సంప్రదాయ లాంగ్‌చువాన్ తయారీ విధానానికి 2009లో యునెస్కో గుర్తింపు దక్కింది.

ఆకుపచ్చ రంగుకు కారణం రంగు పూయడం కాదు. పాత్రపై వేసే గాజుపూతలో స్వల్పంగా ఇనుము ఉంటుంది. సుమారు 1,200 డిగ్రీలకు మించిన వేడిలో, బట్టీలోకి గాలి చొరబడకుండా కాల్చినప్పుడు ఆ ఇనుము పచ్చదనాన్ని ఇస్తుంది. అదే ఇనుము గాలి తగిలితే ఎరుపు, గోధుమ రంగుల్లోకి మారుతుంది. పాతదనాన్ని పసిగట్టడంలో ఈ సూత్రమే కీలకం.

మన నేలకు ఎలా చేరింది?

కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత పద్ధతిని అందులో రద్దు చేశాడు. సుంకం చెల్లించే సరుకుల్లో చీనా కర్పూరం, పట్టు కూడా ఉన్నాయి. నేడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లిలోనూ, నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలోనూ జరిగిన తవ్వకాల్లో చైనా సెలడాన్ పెంకులు బయటపడ్డాయి. జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా బృందం దక్షిణ భారతం, శ్రీలంకలలో చైనా పింగాణీ పెంకుల కోసం అన్వేషణ జరిపి ఫలితాలను 2004లో గ్రంథంగా వెలువరించింది.

ఓరుగల్లు ఏలుబడిలోని నగునూరు నుంచి తీరం దాకా నాడు ఒకే రాజ్యం. అంతమాత్రాన మన ఇళ్లలోని ప్రతి పచ్చ కూజా కాకతీయుల నాడే వచ్చిందనుకోరాదు. గడీల్లో, జాగీర్దార్ల ఇళ్లలో మిగిలిన విదేశీ పింగాణీ నిజాం కాలంలో హైదరాబాద్ బజార్ల నుంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. వీటిలో పాతవీ ఉండవచ్చు, పాతవాటికి నకళ్లూ ఉండవచ్చు.

విషం చెప్పే పళ్లెం

దక్కన్‌లో సెలడాన్ పళ్లేలను 'ఘోరీ' పళ్లేలు అనేవారు. విషం కలిపిన ఆహారం వడ్డిస్తే పళ్లెం పగులుతుందని, లేదా రంగు మారుతుందని నవాబుల ఇళ్లలో నమ్మకం ఉండేది. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇలాంటి పళ్లేలు సహా సెలడాన్ పాత్రలు ఉన్నాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరణలతో 1951లో ఈ మ్యూజియం ప్రారంభమైంది.

విషాన్ని పసిగట్టే గుణం ఈ గాజుపూతకు లేదు. అన్నంలో కలిపే విషాలేవీ దాని రంగును మార్చలేవు. అయినా ఆ నమ్మకమే నాడు పళ్లెం విలువను పెంచింది. నేడు 'మహిమగల పాత్ర' అంటూ చేసే బేరాల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తోంది. బియ్యాన్ని లాగుతుందని చెప్పే పాత్రల వెనుక ఇనుప రజను, అయస్కాంతం తప్ప మరేమీ ఉండవు. మహిమ గురించి చెప్పి పాత్రను అమ్మజూపితే అక్కడే బేరం ఆపేయడం మేలు.

ఇంట్లోనే చేసుకోదగిన పరిశీలన

పాత్రను మెత్తని బట్టపై బోర్లించి, పగటి వెలుతురులో, పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో పరిశీలించాలి. ఉప్పు, చింతపండు, ఆమ్లాలతో తోమరాదు.

అడుగు: ముందుగా చూడాల్సింది ఇదే. పాత్ర నిలిచే అంచుకు గాజుపూత ఉండదు. లాంగ్‌చువాన్ మట్టి లోపల బూడిద కలిసిన తెలుపు రంగులో ఉంటుంది. బట్టీ చల్లారే సమయంలో గాలి తగలడంతో పూతలేని చోట నారింజ, ఎరుపు కలిసిన గోధుమ రంగు వస్తుంది. ఇది మట్టిలో నుంచే పుట్టిన రంగు కాబట్టి పూత అంచు నుంచి క్రమంగా మారుతూ కనిపిస్తుంది. నకలు చేసేవారు గోధుమ రంగు పూస్తారు. అది ఒకే తీరుగా ఉండి గుంతల్లో పేరుకుపోతుంది. పెద్ద పళ్లేల అడుగున బట్టీలో ఆధారంగా నిలిపిన చోట గుండ్రని పూతలేని వలయం ఉండటం యువాన్ చివర, మింగ్ కాలపు తయారీలో కనిపిస్తుంది.

లోపలి గోడ: పాతకాలం కూజాలను భాగాలుగా చేసి అతికేవారు. లోపల వేలు పెట్టి తడిమితే అతుకు గట్టులా తగులుతుంది. లోపల అంతా ఒకే మందంతో, నున్నగా ఉంటే ఆధునిక అచ్చులో ద్రవరూప మట్టి పోసి చేసిందని అనుమానించాలి.

మెరుపు, గీతలు: వందల ఏళ్లు వాడిన పాత్రపై గీతలు అడ్డదిడ్డంగా, చేతులు, వస్తువులు తగిలే చోటే ఎక్కువగా ఉంటాయి. కొత్త పాత్రను ఆమ్లంలో ముంచితే మెరుపు అంతటా సమానంగా పోతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే దిక్కున సాగుతాయి. పూతలోని సన్నని పగుళ్లకు టీ డికాక్షన్‌తో రంగు పట్టించడం మరో పద్ధతి. కాబట్టి పగుళ్లున్నంత మాత్రాన పాతదని తేల్చరాదు.

డ్రాగన్: పాత పనితనంలో డ్రాగన్‌ను పచ్చిమట్టిపై చెక్కేవారు, లేదా విడిగా అచ్చుతీసి అంటించేవారు. దానిపై చిక్కని పూత వేయడంతో పొలుసుల గుంతల్లో రంగు ముదురుగా, ఉబ్బెత్తు భాగాల్లో పలచగా ఉంటుంది. చక్రవర్తికి సంకేతమైన అయిదు గోళ్ల డ్రాగన్‌ను ఇతరులు వాడటంపై యువాన్ కాలం నుంచి ఆంక్షలు ఉండేవి. ఆ కాలపు సెలడాన్‌పై మూడు గోళ్లవే తరచుగా కనిపిస్తాయి. నకళ్లు చేసేవారు గొప్పగా ఉంటుందని అయిదు గోళ్లు వేస్తుంటారు. అయితే గోళ్ల లెక్కను కూడా ఎవరైనా అనుకరించవచ్చు. అందువల్ల అదొక్కటే రుజువు కాదు.

ముద్ర: పాత లాంగ్‌చువాన్ పాత్రల అడుగున సాధారణంగా రాజు పేరుతో ముద్ర ఉండదు. నీలి రంగులో ఆరు అక్షరాల ముద్ర ఉన్న సెలడాన్ పాత్రలు చాలావరకు జింగ్‌డెజెన్ బట్టీల్లో యోంగ్‌జెంగ్ (1723-35), చియాన్‌లోంగ్ (1736-95) చక్రవర్తుల కాలం నుంచి వచ్చిన పద్ధతికి చెందినవి. ఆ ముద్రలనే తర్వాతి తరాలు పదేపదే వేసుకున్నాయి. 'సోంగ్ కాలం నాటిది' అని చెప్పి అలాంటి ముద్రను రుజువుగా చూపితే ఆ మాటే అబద్ధమని తేలిపోతుంది. ఆంగ్లంలో 'చైనా' అని ఉంటే అది సాధారణంగా 1891 తర్వాతిదే. దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలన్న అమెరికా నిబంధన అప్పటి నుంచే అమల్లోకి వచ్చింది.

కథకు, కాలానికి పొంతన

వస్తువును ఎంతగా పరిశీలిస్తామో దాని వెంట వచ్చే కథనూ అంతగా పరిశీలించాలి. ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల శాతవాహనుల కాలపు స్థావరాలుగా ప్రసిద్ధం. శాతవాహనుల పాలన క్రీ.శ. 3వ శతాబ్దంలో ముగిసింది. లాంగ్‌చువాన్ బట్టీలు ఎగుమతుల దశకు చేరింది ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు. శాతవాహనుల నిధిలో దొరికిందంటూ డ్రాగన్ కూజాను చూపితే కథకు, వస్తువుకు వందల ఏళ్ల తేడా ఉన్నట్లే.

మెడ చుట్టూ డ్రాగన్, పులి బొమ్మలు చుట్టుకొని జంటగా ఉండే కూజాలను దక్షిణ సోంగ్ కాలంలో చైనీయులు సమాధుల్లో ఉంచడానికి చేసుకునేవారు. రేవులకు ఎగుమతైన సరుకులో పళ్లేలు, గిన్నెలు, జాడీలే ప్రధానం. సమాధి కూజాను చూపించి కాకతీయుల నాటి వర్తకంలో వచ్చిందంటే మరిన్ని ఆధారాలు అడగాలి. చైనా తరహాలోనే థాయ్‌లాండ్‌లోని సవంకలోక్, బర్మా, కొరియాలలోనూ సెలడాన్ తయారైంది. హైదరాబాద్ ఉర్దూలో పచ్చళ్ల జాడీని పిలిచే 'మర్తబాన్' అన్న మాట బర్మా రేవు పేరు నుంచి వచ్చిందే. పాతదై ఉండి చైనాది కాకపోయే అవకాశమూ ఉందని గమనించాలి.

ప్రయోగశాల చెప్పేదెంత?

మట్టిని బట్టీలో కాల్చినప్పుడు అందులోని స్ఫటికాలు అప్పటిదాకా పోగుచేసుకున్న శక్తి ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఏటేటా సహజ రేడియోధార్మికతతో మళ్లీ పోగవుతుంది. అడుగు నుంచి చిటికెడు పొడి తీసి వేడిచేసి, వెలువడే కాంతిని కొలిచి వయసు లెక్కిస్తారు. దీన్ని థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష అంటారు. ఫలితంలో 20 నుంచి 25 శాతం అటూఇటూ ఉంటుంది. ఆరు వందల ఏళ్ల పాత్రకు నూరేళ్లకు మించిన తేడా రావచ్చన్నమాట. కొత్త కూజాకు పాత పాత్ర అడుగును అతికించి పరీక్షను బోల్తా కొట్టించేవారూ ఉన్నారు. అందుకే ప్రయోగశాల కాగితాన్ని కంటి పరిశీలన, వస్తువు పూర్వాపరాలతో కలిపి చూడాలే తప్ప దానిమీదే ఆధారపడరాదు.

చట్టం ఏమంటోంది?

నూరేళ్లకు పైబడిన కళాఖండాలు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని దేశం దాటించడం వ్యక్తులకు నిషిద్ధం. పట్టుబడితే జైలుశిక్ష తప్పదు. పురావస్తువుల విక్రయాన్ని వ్యాపారంగా చేసేవారికి లైసెన్సు ఉండాలి. కొనడానికి వచ్చినవారిని లైసెన్సు చూపమని అడిగే హక్కు ఇంటి యజమానికి ఉంది. పొలం దున్నుతుండగానో, పునాది తవ్వుతుండగానో భూమిలో పాత్ర దొరికితే ఆ సంగతి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. దొరికిన చోటును కదిలించకుండా రెవెన్యూ అధికారులకు సమాచారం ఇస్తే ఆ చోటు చరిత్ర కూడా దక్కుతుంది. ఒక్క సెలడాన్ పెంకు అయినా ఏ పొరలో, వేటి నడుమ దొరికిందో తెలిస్తే మన జిల్లాల వర్తక చరిత్రకు ఆధారమవుతుంది. అదే పెంకు సంచిలోకి చేరి చేతులు మారితే ఏమీ చెప్పలేదు.

ఇవి చేయండి..

- పాత్ర ఎవరి నుంచి, ఎప్పుడు ఇంటికి వచ్చిందో పెద్దలను అడిగి తేదీ వేసి రాసిపెట్టాలి. పాత ఫొటోలు, పంపకాల కాగితాలు, రసీదులు ఉంటే జతచేయాలి.
- పాత్ర మొత్తం, అడుగు, లోపలి భాగం, డ్రాగన్ గోళ్లు కనిపించేలా ఫొటోలు తీయాలి. ఎత్తు, చుట్టుకొలత, బరువు నమోదు చేయాలి.
- అమ్మకం, కొనుగోలు ఆలోచన చేసేముందు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి అసలైన సెలడాన్ పూతను కళ్లారా చూడాలి. ఒకసారి చూసిన కన్ను నకలును తేలిగ్గా పట్టేస్తుంది.
- రాష్ట్ర పురావస్తు శాఖ అధికారులను సంప్రదించాలి. కొనేవాడే వయసు నిర్ణయించే బేరానికి ఒప్పుకోరాదు.
- అడ్వాన్సు అడిగినా, రాత్రిపూట చూపిస్తామన్నా, అడుగు చూడనివ్వకపోయినా పోలీసులకు తెలపాలి.

పరిశీలనలో కూజా కొత్తదని తేలినా చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. తాతల నాటి వస్తువుగా దాని విలువ దానికుంటుంది. పాతదని తేలితే మాత్రం తొందరపడి బేరం పెట్టడం కన్నా, దాని పుట్టుపూర్వోత్తరాలను భద్రపరచడం ముఖ్యం. వాటిని చెప్పగలిగే పెద్దలు ఇంట్లో ఉండగానే ఆ పని పూర్తిచేయాలి.