పత్తి, ఫిల్ము, అరబ్బు సినిమా

మాది పత్తీ వరీ పండించే ఇల్లు. సినిమా ఫిల్ముకీ మా పత్తికీ చుట్టరికం ఉందని కాలేజీలో కెమిస్ట్రీ చదివాకే తెలిసింది. పత్తిలోని సెల్యులోజుకూ నైట్రికామ్లానికీ చర్య జరిపితే నైట్రేటు ఫిల్ముకి మూలపదార్థం వస్తుంది. 1950 ప్రాంతం దాకా సినిమాలు ఎక్కువగా దానిమీదే తీశారు. పాతబడేకొద్దీ దానిలోంచే ఆమ్లం పుట్టి దాన్నే తినేస్తుంది. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. తర్వాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము కూడా వేడికీ తేమకీ చెడి, వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది.

చల్లగా, పొడిగా దాచడమే దీనికి మందు. అందుకు డబ్బు కావాలి, శాంతి కావాలి. అరబ్బు దేశాల్లో చాలాచోట్ల రెండూ కరువే. పాలస్తీనా విముక్తి సంస్థ వాళ్ళు తీసిన చిత్రాలు బీరూట్‌లో దాచుకున్నారు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించాక ఆ నిల్వ చెదిరిపోయింది. కొంతభాగం ఇజ్రాయెల్ సైనిక భాండాగారంలో ఉన్నట్టు తర్వాత పరిశోధకులు బయటపెట్టారు. తమ ఊరి ముఖం చూసుకోవడానికి ఇంకొకళ్ళ అనుమతి అడగాల్సి రావడం ఎంత దుర్గతి!

ఈజిప్టులో షాదీ అబ్దెల్ సలామ్ 1969లో 'అల్ మూమియా' తీశాడు. పూర్వీకుల సమాధుల సొత్తు దొంగచాటుగా అమ్ముకు బతికే తెగ కథ అది. నెగెటివు మిగిలింది కాబట్టే 2009లో ఇటలీలోని బొలోన్యాలో ఆ చిత్రానికి మళ్ళీ ప్రాణం పోశారు.

మిత్రులారా! ఎంత ఇబ్బందొచ్చినా మా నాన్న విత్తనపు వడ్లు దంచనివ్వడు. ప్రింట్లు పంటయితే నెగెటివు విత్తనం. పంట పోతే ఒక ఏడు నష్టం. విత్తనమే పోతే, మళ్ళీ నాటడానికి ఏముంటుంది?