చిన్న జబ్బులకు దూరవైద్యము: పంచాయతీల కర్తవ్యము

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. నల్లమల అంచుననున్న పల్లెలవారికి ఈ దూరము మరింత అధికము. చేతులకు గజ్జి లేచినను, జలుబుతో కూడిన జ్వరము వచ్చినను, కూలి మనిషి వైద్యునికై ఆళ్లగడ్డకో నంద్యాలకో పోయినచో ఆనాటి కూలి దక్కదు. బస్సు ఖర్చు అదనము. అందుచే పలువురు జబ్బు ముదురువరకు ఉపేక్షించుచున్నారు. కొందరు అంగడివారిచ్చిన బిళ్లలు మ్రింగి ఊరకుందురు. ఈ రెండును హానికరములే.

ఈ చిక్కును తొలగించుటకు ఏర్పడినదే దూరవైద్యము. ఇది మన రాష్ట్రమునకు క్రొత్త కాదు. 2000 సంవత్సరము మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామములోని అపోలో ఆసుపత్రియందు ఉపగ్రహము సాయమున దూరవైద్యము ప్రారంభమైనది. అటుపిమ్మట కేంద్ర ప్రభుత్వము 2019 నవంబరులో 'ఈ-సంజీవని' సేవను ఆరంభించినది. 2020 ఏప్రిల్ నుండి ప్రజలు తమ ఇంటినుండియే వైద్యుని సంప్రదించు వీలు కలిగినది. ఇందుకు రోగి రుసుము చెల్లింపనక్కరలేదు.

స్మార్టుఫోను గలవారు తమ ఫోను సంఖ్యతో పేరు నమోదు చేసికొని, వరుస వచ్చినంతట వైద్యునితో మాట్లాడవచ్చును. ఫోను లేనివారు తమ ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరమునకు పోవలెను. అచ్చటి ఆరోగ్య అధికారి జ్వరము, రక్తపోటు పరీక్షించి, వైద్యుని తెరపై చూపి మాట్లాడించును. వైద్యుడు వ్రాసిన మందులలో కేంద్రమున నున్నవి అచ్చటనే ఉచితముగా లభించును.

జలుబు, స్వల్ప జ్వరము, అజీర్తి, చర్మపు దురద మున్నగువానికిని, రక్తపోటు, మధుమేహముల మందులను గూర్చిన సలహాకును ఈ పద్ధతి తగియున్నది. అయితే తెరపైనున్న వైద్యుడు రోగిని తాకి చూడజాలడు. కావున వాడుచున్న మందులు, పడని మందులు, గర్భము మొదలగు విషయములు దాచక చెప్పవలెను. 2020 మార్చి 25న వెలువడిన నియమముల ప్రకారము మత్తు కలిగించు మందులు ఈ విధముగా వ్రాయరాదు. ఆసుపత్రికి పొమ్మని వైద్యుడు చెప్పినచో ఆలస్యము తగదు. రెండు వారములు దాటిన దగ్గునకు క్షయ పరీక్ష తప్పనిసరి.

కొన్ని ఆపదలలో ఫోను సలహాకై వేచియుండుట ప్రాణాపాయకరము. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవుట, స్పృహ తప్పుట, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, పురుగుమందు మ్రింగుట, గర్భిణికి రక్తస్రావము, పసిబిడ్డ పాలు త్రాగకపోవుట - వీనిలో ఏది సంభవించినను వెంటనే 108కి ఫోను చేయవలెను. పొలములలో పాముకాటునకు గురియైనవారికి గాయమును కోయుట, త్రాటితో బిగించి కట్టుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. విషమునకు విరుగుడు మందు అచ్చటనే యున్నది గాని తెరపై లేదు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కావున సభ్యులు ఈ క్రింది పనులు చేపట్టుట మేలు. కేంద్రమునకు విద్యుత్తు, ఇంటర్నెట్టు సక్రమముగా అందుచున్నవా యని విచారింపవలెను. రోగి తన బాధను నిస్సంకోచముగా చెప్పుకొనుటకు, ముఖ్యముగా స్త్రీలకు, చాటైన గది యుండవలెను. ఫోను వాడుట తెలియని వృద్ధులను ఆశా కార్యకర్తల తోడ్పాటుతో కేంద్రమునకు చేర్పవలెను. 108 సంఖ్యను రచ్చకట్ట వద్ద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. సేవ నిలిచిపోయిన దినములను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యాధికారికి తెలుపవలెను.

ఏ జబ్బు తెరముందు తీరునో, ఏది ఆసుపత్రికి పోవలయునో గ్రామసభలో ప్రతి కుటుంబమునకు తెలియజెప్పుట అన్నింటికంటె ముఖ్యము. ఆ వివేకము కలిగిన ఊరిలో కూలివాని దినము వృథా కాదు. ఆపదలోనున్నవానికి విలువైన గడియయు చేజారదు.