భిన్నములును మూడు చేటలును

అంకగణితమున బాలబాలికలు మొదట భయపడు తావు భిన్నముల యధ్యాయము. కూడికలను, తీసివేతలను, ఎక్కములను నవ్వుచు దాటివచ్చిన పిల్లలు సయితము గీతపై నొక సంఖ్యను, గీత క్రింద నొక సంఖ్యను చూచినంతనే తడబడుదురు. ఇందుకు కారణమేమి? ఈ భయమును పోగొట్టు ఉపాయమెట్టిది? పాన్‌గల్ ప్రాంతపు పిల్లలకు పాఠము చెప్పుచు నేను నేర్చుకొనిన కొన్ని సంగతులను ఇచట విన్నవించెదను.

మొదట నా తప్పు నొప్పుకొందును. శిక్షణ కళాశాలనుండి వచ్చిన క్రొత్తలో లవము, హారము అను పేళ్లతోనే పాఠము మొదలుపెట్టి, సూత్రములను నల్లబల్లపై వ్రాసి వల్లె వేయించితిని. ఒకనాడు 1/4, 1/8 అను రెండింటిలో ఏది పెద్దదని యడుగగా ఒక బాలిక 1/8 అని వ్రాసెను. తప్పుగుర్తు పెట్టి పలక తిరిగి యిచ్చితిని. ఆ సాయంకాలమే ఆ బాలిక బడి ముంగిట తోడి పిల్లలకు వేరుసెనగకాయలు పంచుచుండుట చూచితిని. ఇంకను కొందరు పరుగెత్తి రాగా ఆమె వారితో, "నలుగురమైతే ఎక్కువొస్తయి, ఎనిమిది మందిమైతే అండ్ల సగమే వస్తయి" అనెను.

నాలుగవ వంతుకన్న ఎనిమిదవ వంతు చిన్నదని ఆమె కెరుకయే. ఆ యెరుకకును పలకమీది గుర్తులకును నడుమ వంతెన వేయనివాడను నేను. నాలుగుకన్న ఎనిమిది పెద్దదని ఇంతకుముందు నేర్పినది మేమే కాబట్టి ఆమె గీత క్రింది అంకెను చూచి అట్లే వ్రాసినది.

ఈ చిక్కు మన పల్లెలకు మాత్రమే గలది కాదు. 1978వ సంవత్సరమున అమెరికా దేశమున జరిగిన యొక జాతీయ పరీక్షలో, 12/13కు 7/8 కలిపిన సుమారుగా ఎంత వచ్చునని 13 ఏండ్ల పిల్లల నడిగిరి. రెండును ఇంచుమించు ఒక్కొక్కటి గనుక మొత్తము ఇంచుమించు 2. ఈ జవాబు చెప్పినవారు నూటికి 24 మంది మాత్రమే. సగమునకు పైగా 19 అనియో 21 అనియో చెప్పిరి. పైయంకెలనో క్రిందియంకెలనో కూడిరి కాని, భిన్నము పరిమాణ మెంతయో తలపనైన తలపరైరి.

కావున సూత్రముకన్న ముందు పరిమాణము తెలియవలెను. పరిమాణము తెలియుటకు చేతితో పట్టుకొని, పోల్చి, వేరుపరచి చూడవలెను. జర్మనీ దేశపు ఫ్రోబెల్ ఎనిమిది ముక్కలుగా విడదీయదగిన కొయ్య ఘనమును పసిపిల్లల కిచ్చుటయు, 1939లో మదరాసునకు వచ్చిన మాంటిసోరీ వలయములను సమభాగములుగా కోసి బోధించుటయు ఇందుకే. మనకు అట్టి ఖరీదైన పరికరము లక్కరలేదు. పాత శుభలేఖలు, గుప్పెడు చింతగింజలు, మూడు చేటలు చాలును.

మొదటి మెట్టు: శుభలేఖల అట్టలను జొన్నరొట్టెవలె గుండ్రముగా, అన్నియు ఒకే కొలతగా కత్తిరించి, కొన్నింటిని సమభాగములుగను కొన్నింటిని హెచ్చుతగ్గులుగను కోయవలెను. ఒకదానిపై నొకటి పెట్టి చూచి, సమముగా కోసినవానిని ఒక ప్రక్కకును, కానివానిని వేరొక ప్రక్కకును పిల్లలే చేర్చవలెను. నాలుగు ముక్కలైనంత మాత్రమున ప్రతిముక్కయు పావు కాదని అప్పుడు తెలియును. చిన్నరొట్టెలో సగమును పెద్దరొట్టెలో పావుతో పోల్చరాదనియు ఇచటనే చెప్పవలెను.

రెండవ మెట్టు: మూడు చేటలు వరుసగా పెట్టి, సగముకన్న తక్కువ, సరిగా సగము, సగముకన్న ఎక్కువ అని పేళ్లు పెట్టవలెను. 1/3, 2/5, 3/8, 2/4, 3/6, 5/8, 2/3, 3/4 మొదలగునవి వ్రాసిన చీట్లను పిల్లలు వానికి తగిన చేటలో వేయవలెను. తగవులు వచ్చును, రానిండు. ముక్కలు పేర్చి వారే తీర్చుకొందురు. కొన్ని దినములకు, పైయంకెను రెట్టింపు చేసి క్రిందియంకెతో పోల్చిన చాలునని ఎవరో ఒకరు కనుగొందురు. ఉపాధ్యాయుడు చెప్పిన సూత్రము మరపునకు వచ్చును గాని, తాను కనుగొన్న సూత్రమును బాలుడు మరువడు.

మూడవ మెట్టు: సగపు చేటలోని చీట్లను చూపి, 1/2, 2/4, 3/6, 4/8 ఇవి యన్నియు ఒకే పరిమాణమునకు వేర్వేరు పేళ్లని తెలుపవలెను. అటులే 2/3, 4/6, 8/12 లను, 3/4, 6/8, 9/12 లను కుటుంబములుగా కూర్పించవలెను.

నాలుగవ మెట్టు: 24 చింతగింజలు. ఇందు సగము 12, మూడవవంతు 8, పావు 6, ఆరవవంతు 4, ఎనిమిదవవంతు 3. అన్నియు నిశ్శేషముగా వచ్చును గనుకనే ఈ సంఖ్యను గైకొంటిమి. అయిదవ వంతులకు మాత్రము 20 గాని 30 గాని గైకొనవలెను.

ఇందు మన భాషయే మనకు తోడు. రూపాయకు పదునారణాలు చెల్లిన కాలము 1957తో ముగిసినను, "పదహారణాల" అను మాట నేటికిని మన నోట నున్నది. గిద్దలు నాలుగు సోల, సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక, పదునారవవంతు వీసము. అయితే ఈ కొలతలన్నియు సగములో సగముగా సాగినవే. మూడవ వంతునకు అర, పావు, వీసమువంటి యింటి పేరు లేదు. పిల్లలు పావునకు బెదరక మూడవవంతునకు బెదరుటకు ఇదియు నొక హేతువని నాకు తోచును. కావున మూడు, ఆరు వంతుల పనిని మరి నాలుగు దినములు ఎక్కువగా చేయించుట మేలు.

ఇక ఆ బాలిక సంగతి. పిల్లకు లెక్కలు రావని తలచి తండ్రి ఆమెను బడి మాన్పించి పనికి పంప నిశ్చయించెను. నేను పెట్టిన తప్పుగుర్తులే ఆయనకు సాక్ష్యములు. నేను చింతగింజలు తీసికొని వారి యింటికి పోతిని. "ఇరువదినాలుగు బస్తాల పంటలో సగము భూమిగలవారికి, మూడవవంతు అప్పులవారికి పోయిన మనకెంత మిగులును?" అని ఆమె నడిగితిని. పై యంకెలను, క్రింది యంకెలను కూడిన 2/5 వచ్చును. అది సగముకన్న తక్కువ! సగ మిచ్చి, దానిపై మరికొంత ఇచ్చిన పిమ్మట, ఇచ్చినది సగముకన్న తక్కువ యెట్లగును? బాలిక గింజలను మూడు కుప్పలుగా వేరుపరచి, "పన్నెండు, ఎనిమిది పోతే నాలుగే, నాయినా. ఆరో వంతు" అనెను. పాలుకు సేద్యము చేయు ఆ తండ్రి ఆ చిన్నకుప్పను చాలసేపు చూచి, "సారూ, రేపు బడికి తోలిస్త" అనెను.

తల్లిదండ్రులారా, బీజగణితమునకును, వడ్డీ లెక్కకును, నూటికింత యను లెక్కకును భిన్నములే పునాది. ఇంట రొట్టె విరుచునపుడు, నూనె కొలుచునపుడు, పంట పంచునపుడు పిల్లల చేతికే ఆ పని ఇచ్చి, ఎంత వంతని యడుగుడు. విద్యార్థులారా, జవాబు వ్రాసిన పిమ్మట అది ఏ చేటలో పడునో ఒక్కసారి చూచుకొనుడు. ఉపాధ్యాయ సోదరులారా, తప్పుగుర్తు పెట్టుటకు ముందు, ఆ బిడ్డ బడి ముంగిట వేరుసెనగకాయలు ఎట్లు పంచుచున్నదో చూచి రండు.