మీకు తెలుసా? జేబు పిస్తోలులో చోటు ఎలా పుట్టింది

జేబులో పట్టే పిస్తోలు తయారీలో అసలు చిక్కు పొడవు కాదు, మందం. బట్టల కింద ఉబ్బెత్తుగా కనిపించకూడదంటే పిడి పలచగా ఉండాలి. అందుకే చాలాకాలం ఇలాంటి పిస్తోళ్ల పిడిలో ఇమిడే మ్యాగజైన్‌లో తూటాలను ఒకదానిమీద ఒకటి ఒకే వరుసలో పేర్చేవారు. 2015లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన గ్లాక్ 43 అలాంటిదే. అందులో 9 మిల్లీమీటర్ల తూటాలు 6 మాత్రమే పట్టేవి.

2018లో సిగ్ సావర్ పీ365తో లెక్క మారిపోయింది. దాదాపు అంతే పరిమాణంలో 10 తూటాలు ఇమిడాయి. కిటుకంతా మ్యాగజైన్ ఆకారంలోనే ఉంది. అడుగున తూటాలు అటొకటి ఇటొకటిగా సర్దుకుంటాయి. పైకి వచ్చేకొద్దీ సన్నబడే రేకు పెట్టె వాటిని ఒకే వరుసలోకి తెస్తుంది. చూడటానికి చిన్న మార్పే, పనితనం మాత్రం మెచ్చుకోదగ్గది. మరుసటి ఏడాదే స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ 11 తూటాల హెల్‌క్యాట్‌తో పోటీకి దిగింది. 2021లో స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్, రూగర్ మ్యాక్స్-9 వచ్చాయి.

పరిమాణం తగ్గితే ఇబ్బందులూ తప్పవు. పిస్తోలు తేలికయ్యేకొద్దీ పేల్చినప్పుడు చేతికి తగిలే ఎదురుదెబ్బ పెరుగుతుంది. పేల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగాన్ని, అంటే పొట్టి స్లైడ్‌ను, అదుపు చేయడానికి గట్టి స్ప్రింగు వేయాలి. వేళ్లలో బలం తక్కువున్నవారికి ఆ స్లైడ్‌ను వెనక్కి లాగడమే కష్టం. ముందు, వెనుక గురి గుర్తుల మధ్య దూరం తగ్గడంతో చిన్న తప్పు కూడా గురిని బాగా తప్పిస్తుంది. పావు కిలోకు కాస్త ఎక్కువ బరువుండే రూగర్ ఎల్‌సీపీ 2008లో వచ్చినప్పుడు, బలం తక్కువైన .380 తూటాతోనే సరిపెట్టుకుంది.